పళ్ళెంలో మాను

శ్రావణమాసం వచ్చిందంటే మా ఉరుకుంద మాది కాదు. సోమవారాలూ గురువారాలూ ఐతే మరీను. ఆదోని వైపునుంచీ, ఎమ్మిగనూరు వైపునుంచీ, సరిహద్దు దాటి కర్ణాటకం నుంచీ ఈరన్నస్వామి భక్తులు వచ్చి దిగుతారు. ఆ జనంలో మా చుట్టాలు కొందరుంటారు. దర్శనం చేసుకుని, మా వసారాలో చల్లగా నీళ్ళు తాగి, ఓ పూట నడుం వాల్చి పోతారు. లోపలికి అడుగు పెట్టగానే వాళ్ళ కళ్ళన్నీ తూర్పు కిటికీ దగ్గర పీట మీద వున్న పళ్ళెం మీద పడతాయి. జానెడు పొడవున్న చెట్టు. బొటనవేలంత మొద్దు, పైకి తేలిన వేళ్ళు, గుబురుగా చిన్న చిన్న ఆకులు.

"ఇది నిజం చెట్టేనా, ప్లాస్టిక్‌దా?" అని ఒకరు. "ఎన్నాళ్ళకు పెద్దదవుతుంది?" అని మరొకరు. "దీనికి ఏం మందు పెట్టి ఇట్లా పొట్టిగా చేసినారు?" అని ఇంకొకరు.

మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పి చెప్పి అలసిపోయాను గనుక, ఈ వారం మీ అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తాను. నా తెలివితేటలు చాటుకోవడానికి కాదు సుమండీ. ఆ చెట్టును చంపినంత పనిచేసిన మనిషిని నేనే.

మూడేళ్ళనాటి సంగతి. మా అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగమయింది. తరువాత వచ్చిన ఉగాదికి ఇంటికి వస్తూ ఒడిలో పెట్టుకుని మరీ తెచ్చాడు దీన్ని. "బోన్సాయ్ అమ్మా. పెద్ద పనేమీ వుండదు, రోజూ కాసిని నీళ్ళు పోస్తే చాలునట" అన్నాడు. అమ్మినవాడు అంతే చెప్పాడట. ఆ మాట నమ్మి వాడు నాకు చెప్పాడు, వాణ్ణి నమ్మి నేను విన్నాను. వాడు రెండోనాడు బస్సెక్కాడు. పరుగెత్తి పనిచేసేందుకు ఇల్లంతా ఖాళీగా వున్నది గదా, నేను ఆ చెట్టు వెంట పడ్డాను.

మా అత్తగారు అంతా చూస్తూ కూర్చున్నారు. వారి మాట ఎప్పుడూ సూటిగా తగులుతుంది. "కొడుకు యింట్లో లేడని సెట్టును సాకుతాండావా? అదన్నా పెరగనిస్తావా, కత్తిరిస్తావా?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు.

వచ్చినవాళ్ళందరికీ కనిపించాలని దాన్ని హాల్లో టీ.వీ. పక్కన మూలబల్ల మీద పెట్టాను. రోజూ పొద్దున్నే చిన్న గ్లాసుతో నీళ్ళు పోశాను. మూడో వారానికి ఆకులు పసుపెక్కాయి. ఐదో వారానికి రాలడం మొదలుపెట్టాయి. ఎండ చాలలేదేమోనని ఏప్రిల్ నడిమధ్యన మిద్దె మీదికి తీసుకుపోయి పెట్టాను. మా పడమటి కర్నూలు ఎండ సంగతి వేరే చెప్పాలా? సాయంకాలానికి మిగిలిన ఆకులు అప్పడాల్లా మాడిపోయి వున్నాయి.

అబ్బాయి ఆదివారం ఆదివారం ఫోను చేసి, "అమ్మా, చెట్టెట్లుంది?" అని అడుగుతాడు. "బాగుంది నాన్నా" అంటాను. నాలుగు ఆదివారాలు అట్లాగే అబద్ధమాడాను. ఐదో ఆదివారం ఫోను మా అత్తగారి చేతికి చిక్కింది. "యాడ బాగుండాది నాయనా? కట్టె అయింది. మీ అమ్మ దాన్ని సూసి ఏడుస్తాంది" అని చెప్పేశారు. ఏడ్చిన మాట నిజమే కాని, చెప్పాలా?

ఆ సాయంకాలం ఆదోనిలో కాలేజీకి పోయే మా అమ్మాయి ఎక్కడో చదివి వచ్చి, కొమ్మ మీద బెరడు గోటితో సన్నగా గీరి చూసింది. కింద లేత ఆకుపచ్చ కనిపించింది. ఎండిన కొమ్మైతే గోధుమరంగుగా, పొడిగా వుంటుందిట. మొద్దు దగ్గర గీరితే తడిగా తెల్లని పాలు వచ్చాయి. "బతికే వుందమ్మా" అన్నది. అప్పటినుంచి దీన్ని గురించి నేర్చుకోవడం మొదలుపెట్టాను. ముందే ఆ పని చేయవలసింది.

మొదట పేరు. జపాను భాషలో 'బోన్' అంటే లోతులేని పళ్ళెం, 'సాయ్' అంటే నాటడం. అంటే బోన్సాయ్ ఒక జాతి చెట్టు పేరు కాదు. మందు పెట్టి పొట్టి చేసిందీ కాదు. మామూలు చెట్టునే పళ్ళెంలో నాటి, కొమ్మలూ వేళ్ళూ సమంగా కత్తిరిస్తూ చిన్నగా వుంచే విద్య. చైనా వాళ్ళు మొదలుపెట్టినదాన్ని జపాను వాళ్ళు తీర్చిదిద్దారు. ఇదే చెట్టును తీసి నేలలో పాతితే, నాలుగేళ్ళు తిరిగేసరికి మన ఎత్తు దాటి పోతుంది.

మా అబ్బాయి తెచ్చింది 'ఫైకస్' జాతిది. పేరు విని భయపడకండి. మన మర్రి, రావి, జువ్వి, మేడి అన్నీ ఆ కుటుంబమే. ఇది జువ్వికి దగ్గర చుట్టం. ఆకు గిల్లితే పాలు కారుతాయి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానును మీలో చాలామంది చూసే వుంటారు. సుమారు అయిదెకరాల మేర ఊడలు దింపి పరుచుకున్నది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆ మర్రికీ, మా పీట మీది జానెడు చెట్టుకూ చుట్టరికం వుందంటే నాకే విడ్డూరంగా తోచింది.

ఇంట్లో పెంచదలచి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఈ జాతి మేలు. మన వేడిని ఓర్చుకుంటుంది, ఒకటి రెండు తప్పులు క్షమిస్తుంది. నావి మూడు క్షమించింది గదా. సరుగుడు, దేవదారు వంటివి ఇంట్లో నాలుగు గోడల మధ్య బతకవు. అసలు "ఇంట్లో పెంచే చెట్టు" అనే మాటే మోసం. ఇంట్లో పుట్టిన చెట్టు ఏదీ లేదు. మనమే దాన్ని లోపలికి తెచ్చి, బయట వున్నట్లు దానికి భ్రమ కలిగించాలి.

నా మొదటి తప్పు వెలుతురు. మనకు పేపరు చదువుకోడానికి చాలినంత వెలుతురు వుంటే చెట్టుకూ చాలుననుకుంటాం. కిటికీకి రెండడుగుల లోపల వున్న వెలుతురు వేరు, గది మధ్యకు వచ్చేసరికి వెలుతురు వేరు. మన కంటికి తేడా తెలియదు, ఆకుకు తెలుస్తుంది. తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలితే దానికి పండుగే. పడమటి కిటికీ మన ప్రాంతంలో వేసవిలో పనికిరాదు. ఆకు సంగతి అలా వుంచి, లోతులేని పళ్ళెం కనుక మట్టి కాగి వేళ్ళు ఉడికిపోతాయి. వారానికొకసారి పళ్ళేన్ని పావువంతు తిప్పుతూ వుండాలి. లేకుంటే చెట్టంతా కిటికీ వైపే మొగ్గి, మనకు వీపు చూపిస్తుంది.

చోటు మార్చినప్పుడల్లా ఈ జాతి అలుగుతుంది. కొన్ని ఆకులు రాలుస్తుంది. అది చావు కాదు, అలక. కంగారుపడి మళ్ళీ చోటు మార్చితే మళ్ళీ రాలుస్తుంది. నేను చేసింది సరిగ్గా అదే. మూలబల్ల నుంచి ఏకంగా మిద్దె మీదికి! నీడలో పెరిగిన ఆకును ఒక్కరోజులో ఎండకు పెట్టకూడదు. పది పదిహేను రోజులు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

రెండో తప్పు నీళ్ళు. ఇక్కడే ఎక్కువమంది చెట్లు చస్తాయి కనుక కాస్త నిదానంగా చెబుతాను. "రోజూ కాసిని" అన్నది తప్పుడు లెక్క. చెట్టుకు పంచాంగం తెలియదు. వానాకాలంలో రెండు రోజులకొకసారి చాలవచ్చు, మే నెలలో పొద్దునా సాయంత్రమూ అడగవచ్చు. మట్టిలో వేలు మొదటి కణుపుదాకా గుచ్చి చూడండి. తడి తగిలితే ఆగండి. పొడి తగలబోతున్నట్లుంటే పోయండి. పోసినప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. అడుగు చిల్లుల్లోంచి నీళ్ళు కారేదాకా పోసి, ఐదు నిమిషాలాగి మళ్ళీ పోయాలి. కింద పెట్టిన పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయాలి. వేళ్ళకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం.

మా చెట్టు మొదలు చుట్టూ తెల్లని గులకరాళ్ళు ముచ్చటగా పేర్చి వుండేవి. అవి పేర్చినవి కావు, బంకతో అతికించినవి! దూరప్రయాణంలో మట్టి ఒలకకుండా కొందరు వర్తకులు ఇట్లా అతికిస్తారట. నేను పోసిన నీళ్ళు ఆ రాళ్ళ మీద జారి, అంచు వెంట దిగి, చిల్లిలోంచి పోయేవి. నీళ్ళు కారుతున్నాయి గదా అని నేను సంతోషించేదాన్ని. రాళ్ళు ఊడబెరికి చూస్తే లోపల కొబ్బరిపీచు పొట్టు గట్టిగా ఉండకట్టి, నడుమ ఎండి ఇటుకలాగున్నది. ఒక్క చుక్క చేరలేదు పాపం. మీరు ఎప్పుడైనా కొంటే, మొదట ఆ రాళ్ళను వేలితో కదిపి చూడండి. కదలకపోతే ఇంటికి రాగానే తీసిపారెయ్యండి. ఉండకట్టిన మట్టికి నీళ్ళు పైనుంచి పోస్తే తాగదు. పళ్ళేన్ని బేసినులో ముంచి బుడగలు ఆగేదాకా వుంచాలి.

మా బోరునీళ్ళు ఉప్పగా వుంటాయి. మట్టి మీద, పళ్ళెం అంచుల మీద తెల్లగా పూత కట్టేది. ఇప్పుడు వానకాలంలో మిద్దె మీది గొట్టం కింద డ్రమ్ము పెట్టి పట్టిన నీళ్ళు దాచి, సగం సగం కలిపి పోస్తున్నాను. మా వారు "మనకు లేని వాననీళ్ళ భోగం దానికి" అంటారు. అంటే అననీయండి.

జూన్‌లో మొదటి వాన పడ్డ వారం, చెట్టును పళ్ళెంలోంచి పెరికాము. మట్టి మార్చడానికి మన వైపు అదే మంచి అదను. గాలిలో తేమ వుంటుంది, ఎండ తగ్గుతుంది, చెట్టు చిగురు వేయాలనుకుంటూ వుంటుంది. మా చేలో నల్లరేగడి వుంది, పత్తి బ్రహ్మాండంగా పండుతుంది, అదే వేద్దామనుకున్నాను. అమ్మాయి వద్దన్నది. నల్లరేగడి తడిస్తే ఉబ్బి బంకవుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. చేలో అది బలం, పళ్ళెంలో ఉరి. ఇటుకలు పగలగొట్టి, పిండి జల్లించి పారబోసి, పెసరగింజంత ముక్కలు ఏరి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపాము. ఇంటి వెనక కూర్చుని ఇటుకలు కొడుతున్న నన్ను చూసి పొరుగింటావిడ "యిల్లు కడతాండారా అక్కా?" అని అడిగింది.

వేళ్ళు చీలికచెక్కతో దువ్వి, కుళ్ళినవీ, చుట్టలు చుట్టుకున్నవీ కత్తిరించాలి. మూడోవంతుకు మించి కోయకూడదు. వేళ్ళు కోసినంత మేర పైన కొమ్మలూ తగ్గించాలి. తాగే నోళ్ళు తగ్గినప్పుడు తినే నోళ్ళూ తగ్గాలి గదా. నా చేతిలో కత్తెర ఆడలేదు. మొదటి కొమ్మ కోయగానే తెల్లని పాలు బొట్లు బొట్లుగా కారాయి.

వెనకనుంచి మా అత్తగారు, "నొప్పి కాదా దానికి?" అన్నారు.

వారి మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఈ వూళ్ళో ఈరన్నస్వామి రావిమాను కింద తపస్సు చేశాడని పెద్దలు చెప్పుకుంటారు. ఈ వూరి కోడలుగా వచ్చి అరవై ఏళ్ళు ఆ మానుకు మొక్కిన మనిషి. మాను మీద కత్తి వేయడం వారికి పొసగదు. పెరిగే ప్రాణిని ముచ్చట కోసం అణిచిపెట్టడం న్యాయమా అని నాకూ రాత్రుళ్ళు తోచింది. నేను తెలుసుకున్నదిది. ఆకలికి మాడ్చితే చెట్టు పొట్టిగా వుండదు, చచ్చిపోతుంది. తిండీ నీళ్ళూ వెలుతురూ నిండుగా దొరికినప్పుడే కత్తెరను తట్టుకుంటుంది. మనం గోరింటకంచెనూ, మల్లెపొదనూ కత్తిరించమూ? ఐనా పూర్తిగా సమాధానం దొరికిందని చెప్పలేను.

ఆ రోజు సాయంకాలం వారికి ఒక కథ చెప్పాను, జరిగిన కథే. జపానులో హిరోషిమాలో యమకి అనే కుటుంబం వారింట పళ్ళెంలో ఒక తెల్లదేవదారు వుండేది. 1625 నుంచీ చేతులు మారుతూ సాకబడుతున్న చెట్టు. 1945 ఆగస్టు 6న ఆ వూరి మీద అణుబాంబు పడ్డది. బాంబు పడిన చోటికి వాళ్ళ ఇల్లు రెండుమైళ్ళ దూరమే. అద్దాలు పగిలాయి. తోటగోడ చాటున వున్న చెట్టు బతికింది. 1976లో ఆ ఇంటి పెద్దాయన దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చాడు. బాంబు వేసిన దేశానికి! ఇచ్చినప్పుడు బాంబు సంగతి చెప్పుకోలేదు. 2001లో మనుమలు వాషింగ్టనుకు పోయి తాత చెట్టును చూపమని అడిగినప్పుడు గాని ఆ సంగతి అందరికీ తెలియలేదు. ఇప్పటికీ అక్కడి జాతీయ వృక్షవనంలో వుంది.

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అన్ని తరాలు సూసుకున్నారు కాబట్టి బతికింది. నువ్వు పోయినాక దీన్నెవరు సూస్తారు?" అన్నారు. దానికీ నా దగ్గర జవాబు లేదు.

మట్టి మార్చాక మూడు వారాలు నీడలో వుంచాము. నెలదాకా ఎరువు వేయలేదు. గాయపడ్డ వేళ్ళకు ఎరువు మంట. శ్రావణం మొదటి సోమవారం నాటికి మోడు మీద ఎర్రగా సూదిమొన వంటి మొగ్గ కనిపించింది. వచ్చిన చుట్టాలకు ప్రసాదం పెట్టడం మరిచి అందరికీ ఆ మొగ్గ చూపించాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కొత్త రెమ్మ ఆరేడు ఆకులు వేసేదాకా పెరగనిచ్చి, రెండాకులు వుంచి తుంచండి. అప్పుడే గుబురవుతుంది. నెలకొకసారి వేరుశనగచెక్క నానబెట్టిన తేట చాలా పలచగా పోయవచ్చు, కాని ఇంట్లో పోస్తే వాసనకు మనుషులు పోతారు, చీమలు వస్తాయి. ఆ రోజుకు దాన్ని పెరట్లోకి మార్చండి. ఆకుల కింద తెల్లని పిండిపురుగు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె కొంచెం సబ్బునీళ్ళలో కలిపి చల్లండి. తీగ చుట్టి కొమ్మలు వంచే విద్య మొదటి రెండేళ్ళూ ముట్టుకోవద్దు. తీగ మరిచిపోతే బెరడులోకి దిగి మచ్చ పడుతుంది. చెట్టును పాములాగా మెలికలు తిప్పడం నాకసలు గిట్టదు. మీకు గిడితే మీ యిష్టం. ఇటువంటి చెట్లు గుంపుగా చూడాలనుంటే మైసూరు దత్తపీఠం ఆశ్రమంలో కిష్కింధ మూలికా బోన్సాయ్ వనం వుంది. చూసి వస్తే ఏది ఎట్లా పెరుగుతుందో కళ్ళకు కట్టుతుంది.

పోయిన వేసవిలో మా చెల్లెలి కూతురి పెళ్ళికి పోవలసి వచ్చింది. తొమ్మిది రోజులు! అదీ మే నెలలో. అమ్మాయి కూడా నాతోనే. మా వారికి అప్పజెబుదామంటే, తమ పంచె ఎక్కడుందో తెలియని మనిషి. అత్తగారిని అడగడానికి నోరు రాలేదు. మోకాళ్ళ నొప్పి, వంగి పళ్ళెం ముంచలేరు. పైగా దాని మీద వారికి మనసు లేదాయె. బయల్దేరే ముందు రెండుసార్లు ముంచి తీసి, కిటికీకి కొంచెం లోపలగా నీడలో పెట్టి, దండం పెట్టి పోయాను. పెళ్ళిలో నా మనసు మనసులో లేదు.

తిరిగి వచ్చి చెప్పులైనా విడవకుండా కిటికీ దగ్గరికి పోయాను. చెట్టు పచ్చగా వుంది. పక్కనే అంతకన్న ఎత్తు పీట మీద ఇత్తడి బిందె. బిందెలోంచి చిటికెనవేలంత లావు పత్తివత్తి ఒకటి వచ్చి చెట్టు మొదట్లో మట్టిలో దిగి వున్నది. దీపంలో నూనె వత్తి వెంట పాకినట్లే, బిందెలో నీళ్ళు వత్తి వెంట పాకి మట్టిని తడుపుతూ వున్నాయి. అత్తగారు కార్తీకానికని దాచుకున్న పత్తితో పేనిన వత్తి అది. ముందుగా నీళ్ళలో బాగా నానబెట్టి పెట్టారట, లేకుంటే నీళ్ళు ఎక్కవని. రెండు రోజులకొకసారి బిందె నింపించారట మా వారి చేత.

"నాకేం తెలుసు సెట్టు సంగతి? దీపం సంగతి తెలుసు" అన్నారు.

మీరు కూడా ఊరికి పోయేప్పుడు ఈ పని చేయండి. కాని రెండు రోజుల ముందే కట్టి చూసుకోండి. వత్తి లావునుబట్టి నీళ్ళు ఎక్కువ దిగవచ్చు, తక్కువ దిగవచ్చు.

ఈ సంవత్సరం వానలకు మా మిద్దె పిట్టగోడ నెర్రెలో ఒక రావి మొలక వచ్చింది. పిట్టలు గింజలు వేసి పోతాయి గదా. జానెడు ఎత్తు, మొదలు ముడిపడి, వంకర తిరిగి, ఎవరూ కత్తిరించకుండానే అచ్చం బోన్సాయ్‌లాగే వుంది. గోడ పగిలిపోతుందని మేస్త్రీ పీకేయమన్నాడు. నా కళ్ళు మాత్రం ఖాళీ పళ్ళెం మీద పడ్డాయి. రావి ఆకు పెద్దది, కాడ పొడుగు, పళ్ళెంలో చిన్నది కావడం కష్టం, కొత్తవాళ్ళకు తగదని చదివాను. ఐనా ఆశ.

అత్తగారు మిద్దెమెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తూ, "జువ్వికి నేనేమీ అనలేదు. ఇది మాత్రం వద్దు తల్లీ. ఇది ఆయన మాను" అన్నారు.

గోడ తడిసి మెత్తబడ్డ రోజు చూసి, వేళ్ళు తెగకుండా సుతారంగా తీశాము. మా కళ్ళం అంచున, కరెంటు తీగలకు దూరంగా, లోతుగా గుంట తీసి నాటాము. అత్తగారిని మా వారు మోటారుసైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు. మొదటి చెంబు నీళ్ళు వారే పోశారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే డబ్బా నింపి మా వారి బండికి తగిలిస్తారు. బండి పోయాక కిటికీ దగ్గరికి వచ్చి, పళ్ళెంలో వేలు గుచ్చి చూస్తారు.

"తడుండాది. ఈ పూటకు వద్దులే" అని నాకు చెబుతారు.